కోడి కన్ను వాస్తే ఇంట్లో ఉన్న చుక్కలు వేయొచ్చా?

పెరటిగంప: మా నాటు పెట్టకు నిన్నటి నుంచి ఎడమ కన్ను మూసుకుపోయింది. రెప్పల మధ్య నురగ కారుతోంది, తలను రెక్కకేసి రుద్దుకుంటోంది. మిగతా ఐదూ బాగానే ఉన్నాయి. అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు ఇచ్చిన చుక్కలు ఉన్నాయి. వేయొచ్చా?

మెట్టరైతు: వేయకండి. ఆపరేషన్ తర్వాత ఇచ్చే చుక్కల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నల్లగుడ్డు మీద గీత పడి ఉంటే పుండు ముదిరి చూపే పోతుంది. లీటరు నీళ్లలో టీ చెంచాతో ఒకటిన్నర ఉప్పు వేసి మరిగించి, చల్లారాక దూదితో తడిపి, మెత్తబడ్డాక తుడవండి. ముందు దాన్ని వేరే గంప కింద పెట్టండి, నీళ్లూ వేరుగా పెట్టండి.

కోళ్లగూడు: మా ఇంట్లో నలభై ఏళ్లుగా కోళ్లున్నాయి. రెండు చుక్కలు ఆముదం వేస్తాం, మూడో రోజుకి తగ్గిపోతుంది. ఉన్న టెన్షన్ చాలదా?

మెట్టరైతు: దుమ్ము పడిన కన్నయితే ఊరికే కూడా తగ్గుతుంది అన్నా. కొరైజా, అంటే కోళ్లకొచ్చే అంటు జలుబు, అయితే మొహం వాస్తుంది, కుళ్లు వాసన వస్తుంది, నీళ్ల పళ్లెంలోంచే మిగతా కోళ్లన్నిటికీ అంటుకుంటుంది. తురాయి మీద, రెప్పల మీద పొక్కులుంటే అమ్మోరు. ఆ చెక్కులు పీకకూడదు. ఎప్పుడూ నూకలే వేస్తుంటే విటమిన్ ఎ చాలక రెప్ప కింద జున్నుముక్కలా గడ్డ కడుతుంది. అన్నిటికీ ఆముదమేనా?

తోటమాలి: విటమిన్ ఎ కోసమైతే మేతలో మునగాకు తరిగి వేయండి.

కోళ్లగూడు: రెండు చుక్కలన్నాను, గిన్నెడు పోయమనలేదు.

చెరువుగట్టు: తెల్లారి గూడు తలుపు తీయగానే కోడి ఎత్తున వంగి చూడండి. మీ కళ్లు మండితే అది రెట్ట ఘాటే. కింద ఊక మార్చండి.

మెట్టరైతు: నురగ అంటే సీఆర్డీ, అదే కోళ్లకొచ్చే మొండి శ్వాస జబ్బు, కూడా కావచ్చు. దానికి ఆముదం పనిచేయదు, డాక్టరుకు చూపించాలి. ఆ మందులు వాడితే ఆయన చెప్పినన్నాళ్లు గుడ్లు తినకూడదు.

కోళ్లగూడు: చూపించాను. పోయిన వేసవిలో పుంజును గంపలో పెట్టుకుని పదకొండు కిలోమీటర్లు బస్సులో వెళ్లాను. ఆయన గంప మీది గుడ్డ కూడా తీయలేదు. "కోడికి కంటి వైద్యమేంటమ్మా, కోసుకోండి" అన్నాడు. ఇంటికొచ్చి ఆముదం వేశాను. నా చేతిలో ఇంకేముంది?

మెట్టరైతు: అక్కా, తెలియక ఇందాక "అన్నా" అని పిలిచాను. చూడకుండా పంపడం తప్పే. కానీ నిరుడు నేను ఒక్క కోడిని కాపాడబోతే పద్నాలుగింటికి కొరైజా అంటుకుంది. గుడ్లు దాదాపు ఆగిపోయాయి. కోలుకున్నవి కూడా రోగాన్ని మోస్తూనే ఉంటాయి.

కోళ్లగూడు: అంటే మీరూ కోసేయమనే కదా.

మెట్టరైతు: కొరైజా అని తేలితే, అవును. నావి నలభై. వాటి మీదే ఇల్లు గడవాలి.

కోళ్లగూడు: నాకున్నవి మూడు. పిలిస్తే ఒళ్లోకి వస్తాయి. మీ లెక్క నాకెలా సరిపోతుంది?

పెరటిగంప: ఉప్పునీళ్లతో రెండుసార్లు తుడిచాను, కన్ను సగం తెరిచింది. నురగ ఇంకా ఉంది. పొద్దున మొదటి బస్సుకు తీసుకెళ్తున్నా. గంప మీది గుడ్డ నేనే తీసి చూపిస్తా అక్కా.