చట్టంలో ‘షల్’ అంటే తప్పనిసరా, వీలైతేనా?

ఉక్కునగరం: సివిల్ ప్రొసీజర్ కోడ్ 8వ ఆర్డర్ 1వ రూల్ ప్రకారం సమన్లు అందిన 30 రోజుల్లో ప్రతివాది రిటన్ స్టేట్‌మెంట్ (దావాకి రాతపూర్వక జవాబు) వెయ్యాలి. కోర్టు గడువు పెంచినా 90 రోజులు దాటకూడదు. రెండుచోట్లా ఉన్నది ‘షల్’ అనే మాటే. మా స్థలం కేసులో అవతలివాళ్లు ఏడాది దాటాక వేసినా కోర్టు తీసుకుంది. మరి ‘షల్’ అని రాసి ఏం లాభం?

పాతప్లీడర్: ‘షల్’ కనపడగానే తప్పనిసరి అనుకోకూడదండీ. 1957లో మన్‌బోధన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగం 320(3)లోని ‘షల్ బి కన్సల్టెడ్’ (సంప్రదించాలి) అన్న మాటనే డైరెక్టరీ అంది, అంటే పాటించాల్సిందే కానీ పాటించనంత మాత్రాన చర్య రద్దు కాదని. పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సరిగా సంప్రదించకపోయినా ఉద్యోగిపై చర్య చెల్లుతుందని తేల్చింది. మీరు చెప్పే 90 రోజుల గడువూ అంతేనని 2005లో కైలాష్ కేసులో చెప్పింది.

బడిపంతులు: ‘ఐ’, ‘వి’ పక్కన షల్ వస్తే భవిష్యత్తు, మిగతావాటి పక్కన వస్తే ఆజ్ఞ. రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకం చదివినవాళ్లకి ఈ సందేహమే రాదు.

తెనాలి: మాస్టారూ, ఇక్కడ గొడవ గ్రామర్‌ది కాదండీ.

బడిపంతులు: గ్రామర్ వదిలేశారు కాబట్టే కోర్టుకో అర్థం వస్తోంది. అమెరికాలో 2007లో ఫెడరల్ సివిల్ రూల్స్ తిరగరాసినప్పుడు షల్ తీసేసి, తప్పనిసరైన చోట ‘మస్ట్’ పెట్టుకున్నారు.

ఉక్కునగరం: కమర్షియల్ (వ్యాపార వివాదాల) దావాల్లో 120 రోజులు దాటితే తీసుకోకూడదని 2019లో సుప్రీంకోర్టే అంది కదా! అక్కడా అదే షల్. కంపెనీల కేసుకి గడువు, మా నాన్న కేసుకి వాయిదాలా?

పాతప్లీడర్: అక్కడ గడువు దాటితే జవాబు వేసే హక్కు పోతుందని చట్టంలోనే రాశారు, ఇక్కడ రాయలేదు. మీరు వాది కాబట్టి అలా అంటున్నారు. నా క్లయింటు ఒకావిడ వలస కూలీ. ఊళ్లో లేనప్పుడు సమన్లు ఎవరో తీసుకున్నారు. ఆవిడకి తెలిసేసరికే 90 రోజులు అయిపోయాయి. మాట వినకుండానే ఇల్లు రాసిచ్చెయ్యమంటారా?

ఉక్కునగరం: ఆవిడకి గడువు ఇవ్వండి, నేను అడ్డు చెప్పను. మా అవతలివాళ్లు ఉన్నది ఊళ్లోనే, ప్రతి వాయిదాకీ వకీలు వచ్చాడు. ఆలస్యం ఎందుకైందో ఆర్డర్‌లో ఒక్క ముక్క లేదు. మీరంతా కలిసి ఒకరి కష్టాన్ని అందరికీ సాకు చేశారు.

పాతప్లీడర్: కారణం రాతపూర్వకంగా నమోదు చెయ్యాలని ఆ రూల్‌లోనే ఉంది. రాయకపోతే అది తప్పే. ఆర్డర్ కాపీ తీసుకుని హైకోర్టులో రివిజన్ (ఆ ఆర్డర్‌ని సరిచూడమనే పిటిషన్) వెయ్యండి.

ఉక్కునగరం: దానికి మళ్లీ ఫీజు, మళ్లీ వాయిదాలు. నాన్నకిప్పుడు 78.