పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్: లెగసీకి మార్చాలా, యూఈఎఫ్ఐలోనే వేయాలా?

తిరుచానూరు_తమ్ముడు:
అన్నా, మా అక్క ల్యాప్‌టాప్ ఒకటి ఉండాది, విండోస్ 8తో కొన్నది, ఇప్పుడు 10 నడుస్తాంది, ర్యామ్ 4 జీబీ. 2025 అక్టోబర్ 14తో 10కి సపోర్ట్ అయిపోయింది, 11 వేద్దామంటే టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) అడుగుతాది, దీనికెక్కడిది. లినక్స్ మింట్ వేద్దామనుకుంటాండా. కానీ విండోస్ కూడా ఉండాల, అక్క ట్యాలీ లెక్కలన్నీ దాంట్లోనే. లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక షాపులో అడిగితే లెగసీకి (పాత బయాస్ బూట్ పద్ధతి) మార్చేయ్, ఏ తలనొప్పీ ఉండదు అన్నారు. నిజమేనా?

చిత్తూరు_స్క్రూడ్రైవర్:
నిజమే. ఆ కాలం యూఈఎఫ్ఐ (బయాస్ బదులొచ్చిన కొత్త బూట్ పద్ధతి) సగం ఉడికిన అన్నం. మింట్ బాగానే ఎక్కుతాది, రీస్టార్ట్ కొడితే నేరుగా విండోస్‌లోకి పోతాది, కొన్ని మోడళ్ళలో మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ విండోస్ బూట్ మేనేజర్‌ని తప్ప ఇంకోదాన్ని పట్టించుకోదు. సీఎస్ఎం (లెగసీ బూట్‌కి వీలిచ్చే సెట్టింగ్) ఆన్ చేసి వేసుకో, ఈ గోలే ఉండదు.

బైరాగిపట్టెడ_బాష్:
విండోస్ ఉండాల అన్నాడు కదన్నా, అది చదివినావా? విండోస్ 8తో వచ్చిన మిషన్ అంటే దాదాపు జీపీటీ (కొత్త రకం పార్టిషన్ పట్టిక) డిస్కే, జీపీటీ నుంచి విండోస్ యూఈఎఫ్ఐలో మాత్రమే లేస్తాది. మింట్‌ని లెగసీలో పెడితే గ్రబ్ (ఏ ఓఎస్ కావాలో అడిగే లినక్స్ బూట్ ప్రోగ్రామ్) మెనూలోంచి విండోస్‌కి పోలేడు, వాళ్ళక్క ట్యాలీ తెరవాలన్నప్పుడల్లా సెట్టింగ్స్‌లోకి పోయి మోడ్ మార్చాల. పైగా జీపీటీ మీద లెగసీ గ్రబ్‌కి బయాస్ బూట్ పార్టిషన్ అని 1 ఎంబీ వేరే కావాల, అది తెలీక డిస్క్ మొత్తం ఎంబీఆర్ (పాత రకం పట్టిక) చేసేసి డేటా పోయిందని ఏడ్చేవాళ్ళే ఎక్కువ.

చిత్తూరు_స్క్రూడ్రైవర్:
థియరీ బానే ఉండాది సామీ. గ్రబ్ రాని మిషన్‌కి ఏం చెప్తావు మరి?

బైరాగిపట్టెడ_బాష్:
దానికీ దారి ఉండాది. బూట్ ఫైళ్ళుండే ఈఎఫ్ఐ పార్టిషన్‌లో మింట్ కూడా ఉబుంటు అనే ఫోల్డర్‌లోనే తన ఫైళ్ళు పెడతాది. విండోస్‌లో అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి బీసీడీఎడిట్ అనే కమాండ్‌తో బూట్ మేనేజర్ దారిని ఆ ఫోల్డర్‌లోని షిమ్ (గ్రబ్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) ఫైలుకి తిప్పితే చాలా మిషన్లు దారికొస్తాయి. ఇంకొన్నిట్లో యూఈఎఫ్ఐ సెట్టింగ్స్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టి ఆ ఫైల్‌ని నమ్మమని చెప్పాల, పాస్‌వర్డ్ లేకపోతే ఆ నమ్మే ఆప్షన్ బూడిద రంగులోనే ఉండిపోతాది.

ఎంఆర్‌పల్లి_అక్క:
మీ ఇద్దరి కొట్లాటలో ఆ పిల్లోడికి ముందు చెప్పాల్సింది ఎవురూ చెప్పలా. ట్యాలీ డేటా పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకో నాయనా. ఫాస్ట్ స్టార్టప్ ఆపు, లేదంటే విండోస్ సగం నిద్రలో ఉంటాది, లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో ఏమీ రాయలేవు. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్ఐ అని ముందున్నదే ఎంచుకో, ఇన్‌స్టాలర్ ఏ మోడ్‌లో లేస్తే మింట్ కూడా ఆ మోడ్‌లోనే పడతాది. నా ఓటు బాష్‌కే, విండోస్ మొత్తం తీసేసేదైతే మాత్రం లెగసీ అయినా నాకేం అభ్యంతరం లా.

తిరుచానూరు_తమ్ముడు:
విండోస్ తీసే ప్రసక్తే లేదక్కా, అక్క చంపేస్తాది. యూఈఎఫ్ఐలోనే వేస్తా. అన్నట్టు సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేనిదాన్ని లేవనీయని సెట్టింగ్) ఆపాల్నా?

బైరాగిపట్టెడ_బాష్:
అక్కర్లా, మింట్ షిమ్‌కి మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటాది. మొండికేస్తే అప్పుడు ఆపు.

చిత్తూరు_స్క్రూడ్రైవర్:
మొండికేస్తాది చూడు. అప్పుడు చిత్తూరుకి తీసుకురా, ఫ్రీగానే చేసిస్తా, లెగసీలో.