ఆన్‌లైన్ టూల్స్‌లో ఆట రూల్స్‌కి డబ్బు తీసుకోవచ్చా?

పాచిక20

అందరికీ నమస్కారం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ), పాత్‌ఫైండర్ లాంటి టేబుల్‌టాప్ ఆర్‌పీజీలు, అంటే తలా ఒక పాత్రగా పాచికలు వేస్తూ కథ నడిపే ఆటలు, ఆన్‌లైన్ టూల్స్‌లో ఆడేవాళ్లని అడుగుతున్నా. క్యారెక్టర్ తయారు చేసుకోవడానికి, ఒక స్పెల్ (మంత్రం) ఏం చేస్తుందో చదువుకోవడానికి ఆటగాడు డబ్బు కట్టాలా? అక్కర్లేదని నా అభిప్రాయం. రూల్స్ ఉచితంగా ఇచ్చి కథలు, మ్యాపులు, బొమ్మలు, టోకెన్లు అమ్ముకోండి. సంతోషంగా కొంటాం.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, మా గ్రూపులోకి ఈమధ్య ఒకమ్మాయి కొత్తగా వచ్చింది. ఇంతకుముందు ఈ ఆటలు ఆడిందే లేదు. వారం రోజులు ఆలోచించి తన పాత్ర గురించి చెప్పింది. అందరూ మర్చిపోయిన ఒక దేవుడి కోసం కొట్లాడే బార్బేరియన్. మేం 2014 రూల్స్‌తో ఆడుతున్నాం కాబట్టి జీలట్ అనే సబ్‌క్లాస్ (బార్బేరియన్ క్లాస్‌లో ఒక రకం) దానికి అచ్చంగా సరిపోతుంది. టూల్ తెరిస్తే ఉచితంగా ఉన్నది బెర్సర్కర్ ఒక్కటే. జీలట్ పక్కన తాళం గుర్తు. "అంటే నేను ఈ పాత్ర ఆడకూడదా?" అని అడిగింది. ఆ పుస్తకం నా బల్ల మీదే ఉంది, కొని ఏళ్లయింది. అయినా టూల్‌లో మళ్లీ కొనాలి!

ఆ రాత్రి కూర్చుని హోమ్‌బ్రూ (సొంతంగా రూల్స్ చేర్చుకునే) పేజీలో లెవెల్ 3, 6, 10, 14లో వచ్చే శక్తులన్నీ పుస్తకం చూసి టైప్ చేశాను. రేజ్‌లో (బార్బేరియన్ ఆవేశంలో) ఉన్నప్పుడు ప్రతి టర్న్‌లో మొదటి దెబ్బకు 1డీ6 (ఆరు ముఖాల పాచిక ఒకటి), దానికి లెవెల్‌లో సగం కలిపి అదనపు డ్యామేజ్ రావాలి. ఆ లెక్క షీట్‌లో దానంతటదే వచ్చేలా చేయడం మాత్రం నా వల్ల కాలేదు. ఇప్పటికీ ఆ అమ్మాయి ప్రతి దెబ్బకీ చేత్తో కలుపుకుంటోంది.

ఉచితంగా బెర్సర్కర్ ఒక్కటే ఎందుకు ఉందో తెలియనివాళ్ల కోసం: డీ అండ్ డీ ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2000లో ఓపెన్ గేమ్ లైసెన్స్ తెచ్చినప్పటి నుంచి, ఎవరైనా వాడుకోగలిగే రూల్స్‌ని ఎస్ఆర్‌డీ అనే పత్రంగా విడుదల చేస్తోంది. 2014 రూల్స్‌కి చెందిన 5.1 ఎస్ఆర్‌డీలో ఒక్కో క్లాస్‌కి ఒక్కటే సబ్‌క్లాస్. మొత్తానికి ఒకే ఒక్క ఫీట్ (అదనపు నైపుణ్యం), ఒకే ఒక్క బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర గతం). పాత్‌ఫైండర్ వైపు చూడండి. ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే సైట్‌లో రూల్స్ మొత్తం ఉచితంగా చదవొచ్చు, అది పాత్‌ఫైండర్ ప్రచురించే పైజో సంస్థ అనుమతితోనే నడుస్తోంది. వాళ్లు పుస్తకాలు అమ్ముతూనే ఉన్నారు కదా?

తెరవెనుక_జీఎం

మీ బాధ అర్థమైంది కానీ కేసు సరిగ్గా పెట్టలేదు. చాలా గ్రూపుల్లో ఆటగాళ్లు పైసా కట్టరు, కట్టేది జీఎం (ఆట నడిపించే మనిషి). డీ అండ్ డీ అధికారిక ఆన్‌లైన్ టూల్ డీ అండ్ డీ బియాండ్‌లో మాస్టర్ సబ్‌స్క్రిప్షన్ ఉన్న ఒక్కరు కంటెంట్ షేరింగ్ ఆన్ చేస్తే వాళ్లు కొన్నవన్నీ క్యాంపెయిన్‌లో (గ్రూపు కలిసి ఆడే పొడవాటి కథలో) అందరికీ కనిపిస్తాయి. మా ఐదుగురం తలా కొంత వేసుకుని ఒకే అకౌంట్‌లో కొంటాం. కొత్తగా వచ్చినవాళ్లకి తాళం గుర్తు కనిపించనే కనిపించదు.

నాకు కోపం వచ్చింది వేరే విషయంలో. అక్కడ ఒకప్పుడు కావలసిన సబ్‌క్లాస్ ఒక్కటీ, కావలసిన మాన్‌స్టర్ ఒక్కటీ విడిగా కొనుక్కునే వీలుండేది. 2024లో అది తీసేశారు. మీ జీలట్ ఒక్కదానికి కొంచెం డబ్బు కట్టి పని కానిచ్చేవాళ్లు, ఇప్పుడైతే పుస్తకం మొత్తం కొనాలి. "డబ్బు తీసుకోవచ్చా" అన్న దానికన్నా "చిన్న ముక్క ఎందుకు అమ్మరు" అని అడగండి, నేనూ మీతో కలుస్తా.

కోడు_మంత్రం

నేను ఒక వర్చువల్ టేబుల్‌టాప్ (ఆన్‌లైన్‌లో ఆట బల్లలా పనిచేసే టూల్) కోసం జీతం లేకుండా మాడ్యూల్స్ (అదనపు ప్రోగ్రాములు) రాస్తాను. రాసినవన్నీ ఉచితమే. అయినా పాచిక20 గారితో ఏకీభవించలేను.

రూల్ చదవడం వేరు, రూల్ నడవడం వేరు. స్పిరిట్ గార్డియన్స్ అనే స్పెల్ తీసుకోండి. ఇది ఎస్ఆర్‌డీలోనే ఉంది, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. పుస్తకంలో ఒక పేరా అంతే. మీ చుట్టూ 15 అడుగుల దాకా ఆత్మలు తిరుగుతాయి, శత్రువు అందులోకి వస్తే విజ్డమ్ సేవ్ (తట్టుకోవడానికి వేసే పాచిక), తప్పితే 3డీ8 (ఎనిమిది ముఖాల పాచికలు మూడు) దెబ్బ, నెగ్గితే సగం. బల్ల దగ్గర జీఎం దీన్ని క్షణంలో చెప్పేస్తాడు. కోడ్‌కి మాత్రం అన్నీ విడమరిచి చెప్పాలి. స్పెల్ వేసినవాడు నడిస్తే వలయం వాడితో పాటు నడవాలి. వాడు వద్దని వదిలేసిన స్నేహితుల్ని తాకకూడదు. లోపలున్నవాళ్ల వేగం సగం కావాలి, బయటికి రాగానే మామూలు కావాలి. ఒక టర్న్‌లో రెండుసార్లు లోపలికీ బయటికీ తిరిగితే దెబ్బ ఒకసారే పడాలి. పెద్ద స్లాట్‌తో (ఎక్కువ మంత్రశక్తి ఖర్చు చేసి) వేస్తే స్లాట్ పెరిగిన కొద్దీ 1డీ8 కలవాలి. కాన్సంట్రేషన్ పోతే అన్నీ ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోవాలి. నాకు రెండు వీకెండ్లు పట్టింది. ఆ తర్వాత, తలుపు మూసి ఉన్నా గోడ అవతలివాళ్లకి డ్యామేజ్ పడుతోందని ఒకరు చెప్తే ఇంకో సాయంత్రం.

తీరా 2024 రూల్స్ వచ్చాయి. పాతదాంట్లో శత్రువు తన టర్న్ మొదలైనప్పుడు లోపల ఉంటే దెబ్బ, కొత్తదాంట్లో టర్న్ ముగిసినప్పుడు. పైగా ఇప్పుడు మీరే నడుచుకుంటూ వెళ్లి వలయాన్ని శత్రువు మీదికి తెచ్చినా తగులుతుంది. మళ్లీ మొదటి నుంచి రాశాను. పాత రూల్స్‌తో ఆడేవాళ్లు ఉన్నారు కాబట్టి రెండూ ఉంచాలి.

ఇదంతా ఒక్క స్పెల్‌కి. ఇలాంటివి వందలు. ఎవరైనా ఈ పని జీతానికి చేస్తుంటే వాళ్లు డబ్బు అడగడంలో తప్పేముంది? మేం ఇష్టంతో ఉచితంగా ఇస్తున్నాం కాబట్టి ఆ పనికి విలువ లేదని దయచేసి అనుకోవద్దు. మాలో చాలామంది ఏడాది రెండేళ్లు చేసి అలసిపోయి మానేస్తారు. వాళ్ల మాడ్యూల్ తర్వాతి అప్‌డేట్‌కి పనిచేయదు. మీ క్యాంపెయిన్ మధ్యలో ఆగిపోతుంది. ఉచితం వెనక ఉన్న ఈ టెన్షన్ ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

పాచిక20

కోడు_మంత్రం గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ గోడ సంగతి మా టేబుల్‌లోనూ జరిగింది, సరిచేసింది మీరేనేమో తెలియదు. థాంక్స్ అండీ.

ఒక తేడా ఒప్పుకుంటున్నా. రూల్ రాత వేరు, ఆటోమేషన్ వేరు. ఆటోమేషన్‌కి డబ్బు తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. కానీ నాకు ఎదురైన తాళం లెక్క దగ్గర లేదు, పేరు దగ్గరే ఉంది. జీలట్ అంటే ఏమిటో చదవనివ్వలేదు. చదవనిచ్చి, "లెక్క మీరే చేసుకోండి, మేం చేసిపెట్టాలంటే ఇంత" అని ఉంటే ఆ అమ్మాయి ఆ మాట అడిగేదే కాదు.

ఇంకొకటి. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌కి ఫౌండ్రీ అనే వర్చువల్ టేబుల్‌టాప్‌లో ఉన్న సిస్టమ్ వాలంటీర్లు చేసినదే. రూల్స్, లెక్కలు రెండూ ఉచితం. అమ్మేది అడ్వెంచర్లు (ఆడడానికి సిద్ధం చేసిన కథలు), బొమ్మలు. ఫౌండ్రీ కూడా జీఎం ఒక్కసారి కొంటే చాలు, ఆటగాళ్లు బ్రౌజర్‌లో వచ్చి కూర్చోవడమే. నడుస్తోంది కదా.

చిన్నకథలు

"కథలు, మ్యాపులు అమ్ముకోండి" అన్నారు. ఆ అమ్ముకునేవాళ్లలో నేనొకదాన్ని, కాబట్టి చెప్పాలి.

నా మొదటి అడ్వెంచర్ "మీకు తోచినంత ఇవ్వండి" పద్ధతిలో పెట్టాను. తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది సున్నా కొట్టి తీసుకున్నారు. తప్పు పట్టట్లేదు, నేను పెట్టిన వీలు అది. కానీ ఆరు నెలలు ఆడించి సరిచేసిన కథ అది. ఆఖరి గదిలో బందీగా ఉన్న ముసలాయన్ని ఏ గ్రూపూ కాపాడకుండా వెళ్లిపోతుంటే, మూడుసార్లు గది మార్చి, చివరికి తలుపు కింద నుంచి ఆయన పాట వినబడేలా రాశాక ఆగడం మొదలుపెట్టారు. ఆ పాట కోసం పడ్డ పాటు డౌన్‌లోడ్ బటన్ పక్కన ఎక్కడా కనిపించదు.

డీఎమ్స్ గిల్డ్ అనే సైట్‌లో అమ్మితే రాసినవాళ్లకి వచ్చేది సగం. మిగతా సగం విజార్డ్స్‌కీ, ఆ వేదిక నడిపేవాళ్లకీ. వాళ్ల లోకాలు, వాళ్ల రాక్షసుల పేర్లు వాడుకునే హక్కుకి అది ధర. సరే, అది నేను తెలిసి ఎంచుకున్నదే. నన్ను బాధపెట్టేది ఇదీ: రూల్స్ ఉచితంగా ఇవ్వడం పెద్ద సంస్థకి ప్రచారం. ఒంటరిగా రాసేవాళ్లకి రూల్సే సరుకు. నలభై పేజీల చిన్న ఆట రాసిన మనిషి దగ్గర రూల్స్ ఉచితంగా ఇచ్చేశాక అమ్మడానికి ఇంకేం మిగులుతుంది?

ఇందుకు ఎదురు ఉదాహరణ నేనే చెప్తా. ఐరన్‌స్వోర్న్ అనే ఆట 2018లో వచ్చింది, పీడీఎఫ్ పూర్తిగా ఉచితం. మూడేళ్ల తర్వాత దాని తర్వాతి ఆట స్టార్‌ఫోర్జ్‌డ్‌కి కిక్‌స్టార్టర్ పెడితే జనం డబ్బు పెట్టారు. కాబట్టి ఉచితం వల్ల దారి దొరకదని అనను. మొదటి ఆట నుంచి రెండో ఆట దాకా మూడేళ్లు ఆగగలగాలి, అందరికీ ఆ వీలు ఉండదు.

పాతషీట్లు

నా పాయింట్ చిన్నది. ఉచితమా, డబ్బా అన్నది నాకు రెండో ప్రశ్న. కొన్నది నా దగ్గర ఉంటుందా అన్నది మొదటిది.

2009 ఏప్రిల్‌లో విజార్డ్స్ తన పీడీఎఫ్‌ల అమ్మకం మొత్తం ఆపేసింది. పైరసీ కారణమంది. అప్పటికే కొన్నవాళ్లు కూడా సైట్ నుంచి మళ్లీ దించుకోలేకపోయారు. డీ అండ్ డీ నాలుగో ఎడిషన్ క్యారెక్టర్ బిల్డర్ మొదట కంప్యూటర్‌లో వేసుకునే ప్రోగ్రామ్. 2010లో దాన్ని సబ్‌స్క్రిప్షన్‌తో వెబ్‌లోకి మార్చారు, అదీ సిల్వర్‌లైట్ అనే బ్రౌజర్ ప్లగిన్ మీద. సిల్వర్‌లైట్ కాలం చెల్లింది, 2020 వచ్చేసరికి టూల్స్ మూతపడ్డాయి.

నా సొంత నష్టం వేరే సైట్‌లో, పేరు అనవసరం. మూతపడబోతోందని మెయిల్ వచ్చింది, నేను ఆ మెయిల్ ఆలస్యంగా చూశాను. ఏడేళ్ల క్యాంపెయిన్. మా తమ్ముడు ఆడిన దొంగ పాత్ర షీట్ చివర్లో "అప్పులు" అని ఒక పెట్టె ఉండేది, ఎవరికి ఎన్ని నాణేలు బాకీ ఉన్నాడో వాడే రాసుకునేవాడు. ఆ జాబితా ఇప్పుడు ఎక్కడా లేదు. సబ్‌స్క్రిప్షన్ ఒక్క నెల కూడా తప్పకుండా కట్టాను.

తెరవెనుక_జీఎం

అయ్యో, ఆ అప్పుల జాబితా... చాలా బాధగా ఉందండీ.

మీ మాటకే ఇంకో వైపు చూపిస్తా. డబ్బు కట్టేవాళ్ల మాట వింటారు, ఉచితంగా వాడేవాళ్ల చేతిలో ఏమీ ఉండదు. 2023 జనవరిలో ఓపెన్ గేమ్ లైసెన్స్‌ని మార్చాలని విజార్డ్స్ రాసుకున్న ముసాయిదా బయటపడింది. ఏడాదికి ఏడున్నర లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద 25 శాతం దాకా రాయల్టీ అని అందులో ఉంది. జనం ఏం చేశారు? డీ అండ్ డీ బియాండ్ సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేసుకున్నారు. ఆ నెల 27న 5.1 ఎస్ఆర్‌డీని క్రియేటివ్ కామన్స్ (ఎవరైనా వాడుకోగల) లైసెన్స్ కింద ఇచ్చేశారు, ఇక వెనక్కి తీసుకోలేరు. 2024 ఆగస్టులోనూ అంతే. డీ అండ్ డీ బియాండ్‌లో పాత స్పెల్స్ స్థానంలో కొత్తవి పెట్టేస్తామని ప్రకటించి, గొడవ మొదలైన కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు. రద్దు చేసుకోవడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా?

పాచిక20

ఇది నేను ఆలోచించని వైపు. ఒప్పుకుంటున్నా. కానీ అన్నా, చివరికి మనకి దక్కింది చూడండి: అందరికీ ఉచితమైన, ఎవరూ లాక్కోలేని రూల్స్ పత్రం. డబ్బు కట్టినవాళ్లు పోరాడి తెచ్చింది ఉచిత రూల్సే.

చిన్నకథలు గారి ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. నలభై పేజీల ఆట రాసిన మనిషికీ, 2022లో డీ అండ్ డీ బియాండ్‌ని 14.63 కోట్ల డాలర్లకి కొన్న, విజార్డ్స్ మాతృసంస్థ హాస్‌బ్రోకీ ఒకే రూలు పెట్టడం నా పొరపాటు. నా వాదన పెద్దవాళ్ల వరకే పరిమితం చేస్తున్నా. మీ అడ్వెంచర్ లింక్ మెసేజ్ చేయండి, ముసలాయన పాట వినాలి. ఈసారి సున్నా పెట్టను.

ఇక మా టేబుల్ సంగతి. పాతషీట్లు గారు రాసింది చదివాక భయం వేసింది. ఈ క్యాంపెయిన్‌ని జీఎం సొంత కంప్యూటర్‌లో నడిచే టూల్‌కి మార్చాలనుకుంటున్నా. కోడు_మంత్రం గారూ, అక్కడ ఒక్కో క్యారెక్టర్‌ని విడిగా దాచుకోవచ్చా? జీలట్ లెక్క అక్కడ కుదురుతుందా?

కోడు_మంత్రం

దాచుకోవచ్చు. ఫౌండ్రీలో పక్క పట్టీలో పాత్ర పేరు మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ అంటే జేసన్ ఫైల్ వస్తుంది. శక్తులు, సామాన్లు, మీరు చేత్తో రాసుకున్న నోట్స్ కూడా అందులోనే. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు, కాస్త గజిబిజిగా ఉంటుంది అంతే. వరల్డ్ మొత్తం ఒక ఫోల్డర్ కాబట్టి ప్రతి సెషన్ తర్వాత ఆట ఆపేసి ఆ ఫోల్డర్‌ని వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఇది మర్చిపోవద్దు, మీ డిస్క్ పాడైతే అడగడానికి ఏ సంస్థా ఉండదు.

జీలట్ సంగతి: రేజ్ ఆన్‌లో ఉందా, ఈ టర్న్‌లో ఇది మొదటి దెబ్బేనా అన్న రెండు షరతులు చూస్తే సరిపోతుంది. స్పిరిట్ గార్డియన్స్‌తో పోలిస్తే సులువే. మీరు టైప్ చేసిన పుస్తకం పాఠం నాకు పంపొద్దు, అది వాళ్లది. లెక్క ఒక్కటే రాసి ఇస్తా. ఆ అమ్మాయి ప్రస్తుతం ఏ లెవెల్‌లో ఉంది?

పాచిక20

నిన్ననే 5కి వచ్చింది. ఇకనుంచి టర్న్‌కి రెండు దెబ్బలు.

కోడు_మంత్రం

అయితే రెండో దెబ్బకి అదనం పడకుండా చూడాలి. శనివారం పరీక్షించి పెడతా.