‘ఇక్కడ లే...’ తరువాత ఏముంది?

ఓరుగల్లు పాఠకుడు:
ఈస్టరు నాడు పొద్దు పొడవకముందే హనుమకొండలో మా సమాధుల తోటలో ఆరాధన జరుగుతుంది. ముందురోజే రాళ్లకు సున్నం కొట్టి, మల్లెదండలు వేసి, కొవ్వొత్తులు నిలబెడతాం. మా తాతగారి పక్కనున్న రాయి మీద రంగు రాలిపోయి మొదట ‘ఆయన ఇక్కడ లే’, చివర ‘న్నాడు’ మాత్రం మిగిలాయి. నడుమ నాలుగైదు అక్షరాలు పట్టే చోటు ఉంది. ఆ కుటుంబం వాళ్లు ఊళ్లో లేరు, మళ్లీ రాయించే పని నేను తీసుకున్నాను. నా చెవిలో చిన్నప్పటి నుంచి ఉన్నది ‘ఇక్కడ లేడు, లేచెను’. అది ‘న్నాడు’తో అతకదు. అసలు వాక్యం ఏది? చీకట్లో సమాధుల మధ్య దాన్ని పలికే ఆచారం ఎక్కడిది?

మానేరు తీరం:
లూకా 24:6. ‘ఆయన ఇక్కడ లేడు, ఆయన లేచియున్నాడు.’ మత్తయిలో నడుమ ‘తాను చెప్పినట్టే’ వస్తుంది, మీ రాయిలో అంత చోటు లేదు. మార్కు వరస తిరగేసి ‘లేచియున్నాడు, ఇక్కడ లేడు’ అన్నాడు కనుక అదీ కాదు. రెండో ‘ఆయన’ తీసేస్తే మిగిలేవి డు, లే, చి, యు. సరిగ్గా నాలుగు.
ఆచారానికి వస్తే, జర్మనీలోని హెర్న్‌హూట్‌లో 1732 ఈస్టరు నాడు మొరేవియన్ అనే ప్రొటెస్టెంటు సంఘపు యువకులు కొందరు తెల్లవారకముందే ఊరి సమాధుల తోటకు వెళ్లి కీర్తనలు పాడారు. మరుసటి ఏడు ఊరంతా కదిలింది. మిషనరీల వెంట ఆ పద్ధతి దేశదేశాలకూ వెళ్లింది. సమాధుల తోటను వాళ్లు ‘దేవుని పొలం’ అనేవారు. పాతిపెట్టినది మొలుస్తుందన్న నమ్మకం ఆ పేరులోనే ఉంది.

అరసున్న:
చిరునామా సరే, అందం చూడండి. ‘లేడు, లేచి’. ఒకే ‘లే’ లేమినీ చెప్పింది, లేవడాన్నీ చెప్పింది. ఇది తెలుగుకే దక్కిన భాగ్యం. తమిళంలో ‘ఇల్లై’, ‘ఎళు’. కన్నడంలో ‘ఇల్ల’, ‘ఏళు’. ఈ రెండు ధాతువులకూ చుట్టరికమే లేదు. తెలుగులో మాత్రం రెండింటిలోనూ వర్ణవ్యత్యయం జరిగి, మొదటి అచ్చు హల్లు వెనక్కి జరిగి, రెండూ ‘లే’ దగ్గర కలిశాయి. అనువాదకులు దీన్ని విని మరీ రాశారని నా గట్టి నమ్మకం.

మానేరు తీరం:
విని రాసి ఉంటే మార్కులోనూ అదే వరస పెట్టేవారు. గ్రీకు వరసను అనుసరించారు, అంతే. అదీగాక పాత ముద్రణల పద్ధతిలో అది ‘లేఁడు’. అరసున్న ఉన్న ‘లే’, లేని ‘లే’ ఒకటెలా అవుతాయి? దాన్నే పేరుగా పెట్టుకున్న మీరే మరిస్తే ఎలాగండీ?

అరసున్న:
మరవలేదండీ. ఆ అరసున్న ‘లే’ది కాదు, ‘డు’ది. వాఁడు, కలఁడు, లేఁడు, అన్నింటా పుంలింగ ప్రత్యయంతో వచ్చిందే. ‘లేదు’లో ఉందా చూడండి.

పాలకుర్తి పంతులు:
‘లేఁడు’ అని ఇంత మాట్లాడి పోతనను తలచుకోరా! ‘కలఁడు కలం డనెడివాఁడు కలఁడో లేఁడో’. కందం చివరి గణం చూడండి, ‘లేఁడో’ రెండూ గురువులే. మొసలి పట్టులో ఉన్న ఏనుగు ఊపిరి ఆ చివరి దీర్ఘం మీద ఆగుతుంది. మూడు పాదాలు వరసగా ‘కలఁ డందురు’ అని లోకం మాటతో మొదలై, నాలుగో పాదంలో సొంత సందేహం బయటపడుతుంది. గజేంద్రుడి మాట ‘లేఁడో’ అన్న ప్రశ్నతో ముగిస్తే, సమాధి దగ్గర దూత మాట ‘లేడు’తో మొదలై ‘ఉన్నాడు’ దగ్గర ముగుస్తుంది. ‘లేచెను’ అంటే ఆ ‘ఉన్నాడు’ పోతుంది. రాయి మీద దాన్ని పోనివ్వకండి. (పోతన ఉన్న ఏకశిలానగరం మా ఓరుగల్లు కాదు, ఒంటిమిట్టే అనే మిత్రులకు ఇంకోసారి జవాబు చెబుతాను. పోతన ఊరు బమ్మెర మా ఊరికి కూతవేటు దూరం.)

ఫాతిమానగర్:
పంతులుగారూ, పోతన మీద మీకున్న ప్రేమకు నమస్కారం. కానీ ‘లేచి’ మీదే నాకు అభ్యంతరం. లూకా గ్రీకులో ఉన్నది ‘ఎగెర్తే’, రూపం కర్మణి. మొదటి కొరింథీ 15:4లో మన తెలుగు ‘మూడవదినమున లేపబడెను’ అనే అంటోంది. లేపినవాడు తండ్రి. గ్రీకు సంఘాల ఈస్టరు పలకరింపులో ‘అనెస్తీ’ అంటారు, దానికైతే ‘లేచెను’ సరిపోతుంది. పాఠకుడుగారి చెవిలో ఉన్నది ఆ పలకరింపు అయి ఉంటుంది.
ఇంకో మాట. మా కేథలిక్కులకు తెల్లవారుజాము కంటే శనివారం రాత్రి జాగరణే ప్రధానం. గుడి బయట కొత్త నిప్పు రాజేసి, పాస్కా వత్తి అనే పెద్ద ఈస్టరు కొవ్వొత్తి వెలిగిస్తారు. దాని మీద సిలువ, ఆ ఏటి అంకెలు, గాయాలకు గుర్తుగా అయిదు సాంబ్రాణి గింజలు ఉంటాయి. శతాబ్దాల పాటు దీన్ని శనివారం ఉదయమే ముగించేవారు. పన్నెండో పయస్ పోపు 1951లో మళ్లీ రాత్రికి తెచ్చారు.

మానేరు తీరం:
రూపం కర్మణి అయినా ఆ క్రియకు ‘లేచాడు’ అన్న అర్థం గ్రీకులో మామూలే. రూపం చూసి అర్థం తేల్చకూడదు.

చల్దిమూట:
ఇంత జరిగినా గుడ్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. నలభై రోజుల ఉపవాసంలో పూర్వం మాంసంతో పాటు గుడ్లూ నిషేధమే. కోళ్లు మాత్రం ఉపవాసం ఉండవు కదా, పండుగనాటికి ఇంటినిండా గుడ్లు. తూర్పు సంఘాల్లో వాటికి క్రీస్తు రక్తానికి గుర్తుగా ఎర్రరంగు వేస్తారు. కుందేలు ఆలస్యంగా వచ్చింది. గుడ్లు తెచ్చే కుందేలు కథను 1682లో ఒక జర్మన్ వైద్యుడు రాశాడు. దాన్ని ఈస్త్రె అనే పాత ఇంగ్లీషు దేవతకు ముడిపెట్టడం 19వ శతాబ్దపు ఊహ. ఆ దేవతను 725లో బీడ్ అనే ఇంగ్లండు సన్యాసి ఒక్క మాటలో తలచాడు, అందులో కుందేలూ లేదు, గుడ్డూ లేదు. ఏటా ఈ కథ తిప్పేవాళ్లు బీడ్‌ను ఒక్కసారి చదవాలి.

ఓరుగల్లు పాఠకుడు:
అందరికీ కృతజ్ఞతలు. ‘లేడు, లేచియున్నాడు’ రాయిద్దామనే ఉంది. కానీ పెయింటరు ‘యు’ ఎందుకండీ, ‘లేచి ఉన్నాడు’ అని విడదీస్తే చదవడానికి సులువు అంటున్నాడు.

అరసున్న:
వద్దు! విడదీస్తే నిద్రలేచి కూర్చున్నాడన్నట్టు ఉంటుంది. ‘చియు’ కలిసే ఉండాలి.

పాలకుర్తి పంతులు:
యడాగమం ఉంచండి. పోతన అయితే ఉంచేవాడు.

మానేరు తీరం:
ఫాతిమానగర్ గారూ, మీరు ‘పాస్కా’ అని దీర్ఘం ఇచ్చారు. మా బైబిల్లో ‘పస్కా’. హీబ్రూ ‘పెసహ్’లో దీర్ఘం ఎక్కడుంది?

ఫాతిమానగర్:
మా పూజా గ్రంథంలో దీర్ఘమే. లాటిన్ ‘పాస్కా’ నుంచి వచ్చింది, హీబ్రూను అడిగి లాభం లేదు.