నాలుగు ఈకల బాణం: కింది ఈకే ఎందుకు అరుగుతోంది?

అంబులపొది:

కుడిచేతి వాటం, రికర్వ్ (కొసలు ముందుకు వంగిన విల్లు), 28 అంగుళాల లాగుడు దగ్గర 45 పౌండ్ల బలం. రెస్ట్ (బాణం ఆనించే విడి ముక్క) లేదు, బాణం నేరుగా షెల్ఫ్ (విల్లు పిడి పైన చెక్కిన గట్టు) మీదే. షాఫ్ట్‌లు (బాణం కర్రలు) సీడార్ చెక్క, 11/32 అంగుళాల లావు, 29 అంగుళాల పొడవు, మొన బరువు 125 గ్రెయిన్లు. మూడు 5 అంగుళాల ఈకల నుంచి నాలుగు 4 అంగుళాల ఈకలకు మారాను. జిగ్‌లో (బాణాన్ని పట్టి తిప్పుతూ ఈకలు అంటించే పరికరం) డయల్ ఒక్కటే మార్చాను: 120 డిగ్రీల గడుల బదులు 90. నాక్‌ను (నారి ఎక్కే గాడి ఉన్న బాణం తోక కొన) పట్టుకునే ముక్క పాతదే.

ఆరు బాణాలయ్యాయి. పదిహేను మీటర్ల దగ్గర ఆరూ తోక పైకెత్తుకుని గుచ్చుకుంటున్నాయి. ప్రతి బాణానికీ ఒకే ఈక, అదీ ముందు కొన దగ్గర, నలిగి అరుగుతోంది. పాత మూడు ఈకల బాణాలు అదే విల్లుతో శుభ్రంగా వెళ్తున్నాయి.

90 డిగ్రీలే తప్పా, 75-105కి (ఈకల మధ్య 75, 105 డిగ్రీల ఖాళీలు ఒకదాని తర్వాత ఒకటి) మారాలా? రెండోది, ఈ వానల్లో ఏ జిగురు నిలుస్తుంది? నాలుగో ఈక బరువు వల్ల విల్లుకూ బాణానికీ మళ్ళీ ట్యూనింగ్ (సర్దుబాటు) చేసుకోవాలా?

ఎడమచేతి_విల్లు:

కోణం తప్పు కాదు, మొదలుపెట్టిన చోటు తప్పు. మూడు ఈకల జిగ్‌లో ఆ నాక్ ముక్క మొదటి ఈకను నాక్ గాడికి సరిగ్గా అడ్డంగా నిలబెడుతుంది. విల్లుకు దూరంగా, బయటికి చూసే ఈక అదే. అక్కణ్నుంచి 90 చొప్పున తిప్పితే వెనక నుంచి చూసినప్పుడు ఈకలు కూడిక గుర్తులా వస్తాయి. ఒకటి బయటికి, ఒకటి ఆకాశంలోకి, ఒకటి తిన్నగా విల్లు ఒంట్లోకి, ఇంకొకటి షెల్ఫ్ నెత్తిన. మీకు కావలసింది ఇంటూ గుర్తు. అంటే మొదటి ఈక నాక్ గాడికి 45 డిగ్రీల వాలులో మొదలవ్వాలి. నాలుగు ఈకల కోసం అమ్మే నాక్ ముక్క చేసే పని అంతే, డయల్‌తో పాటు అదీ మార్చాలి.

తోక పైకెత్తడం కూడా అందులోంచే వచ్చింది. కింది ఈక వెన్ను షెల్ఫ్‌ను తన్నితే తోక పైకే పోతుంది. ఇప్పుడు కంగారుపడి నారి మీద నాకింగ్ పాయింట్ (నాక్ ఎక్కించే గుర్తు) కిందికి దించకండి. పాత బాణాలు సరిగ్గా వెళ్తున్నాయంటే అది ఉన్నచోటే ఉండాలి.

ఇంటూ గుర్తులో పెడితే షెల్ఫ్, పక్క పలక (బాణం పక్కన ఆనే విల్లు గోడ) కలిసే మూలలోకి ఒక్క ఈకే చూస్తుంది. అక్కడ ఎలాగూ కాస్త ఖాళీ ఉంటుంది, ఈక మడుచుకుని దాటిపోతుంది.

అంబులపొది:

అర్థమైంది. మరి అంటించిన ఆరింటికీ నాక్ ఊడదీసి 45 డిగ్రీలు తిప్పి మళ్ళీ అతికిస్తే సరిపోదా? ఈకలు మిగులుతాయి కదా.

ఎడమచేతి_విల్లు:

కార్బన్ షాఫ్ట్ అయితే నాక్ పట్టుకుని తిప్పేయండి, అరనిమిషం పని. చెక్కకు మాత్రం వద్దు. షాఫ్ట్ కొన చూడండి, చెట్టు వలయాలు గీతలుగా కనిపిస్తాయి. నాక్ గాడి ఆ గీతలకు అడ్డంగా ఉండాలి, అప్పుడే వలయాల అంచులు విల్లువైపు ఉంటాయి, కర్ర ఆ దిశలోనే ఎక్కువ బిగువు. స్పైన్ (కర్ర ఎంత వంగుతుందన్న లెక్క) కొలిచేదీ ఆ దిశలోనే. నాక్‌ను 45 తిప్పితే ఒక్కో బాణం బిగువు ఒక్కో రకంగా మారుతుంది, డజనులో రెండు ఒకచోట పడవు. ఈకలు పోతే పోనివ్వండి.

చెక్క బాణంలో ఇంకో మెలిక. నాలుగు ఈకలుంటే ఎటు తిప్పి నారికి ఎక్కించినా ఒకటే అంటారు. ఈకల వరకు నిజమే. కానీ షాఫ్ట్ పైభాగాన పోగులు నాలుకల్లా సాగి కనిపిస్తాయి, ఆ నాలుకల కొసలు మొనవైపు చూస్తూ పైనే ఉండాలి. ఎప్పుడైనా కర్ర పోగు వెంట చీలితే ముక్క విల్లు పట్టిన చేతిలోకి దిగకుండా ఈ జాగ్రత్త. అందుకని చెక్క బాణాలకు నాక్ మీద పైవైపు ఒక రంగు చుక్క పెట్టుకోండి, వేలితో తడిమితే తెలిసేలా కాస్త ఉబ్బుగా. చూడకుండా ఎక్కించే సుఖం చెక్క బాణానికి సగమే.

పసుపునాక్:

75-105 గురించి. ఇంటూ గుర్తును కాస్త పైనుంచి కిందికి నొక్కినట్టు ఊహించుకోండి. 105 ఖాళీ పైనా కిందా వస్తుంది, 75 పక్కలకు. షెల్ఫ్ దగ్గర చోటు పెరుగుతుంది, పక్క పలక దగ్గర తగ్గుతుంది. ఆ కొలతనే 90 తిప్పి పెడితే దీనికి తలకిందులు. కాబట్టి రుద్దుకుంటున్నది కిందో పక్కో తెలియకుండా 75-105 జోలికి పోవడంలో అర్థం లేదు. పాదాలకు కొట్టే పౌడర్ స్ప్రే ఈకల మీద పలచగా కొట్టి మూడు బాణాలు వదిలి, పౌడర్ ఎక్కడ చెరిగిందో, షెల్ఫ్ మీద ఎక్కడ అంటిందో చూడండి. నా లెక్కలో అసలైన ఈకలకు 90 చాలు, ఈకల బదులు పెట్టే ప్లాస్టిక్ వేన్‌లకే ఆ ముచ్చట.

జిగ్‌లో సరైన ముక్క దొరక్కపోతే కాగితం పట్టీ చాలు. 11/32 షాఫ్ట్ చుట్టుకొలత 27.4 మిల్లీమీటర్లు. ఆ పొడవు పట్టీ కత్తిరించి, 90 కోసం 6.9, 13.7, 20.6 దగ్గర గీతలు పెట్టి, షాఫ్ట్‌కు చుట్టి, గీతలు దింపుకోండి. 75-105 కావాలంటే 5.7, 13.7, 19.4. మొదటి గీత నాక్ గాడికి ఎంత వాలులో మొదలవుతుందన్నదే కీలకం: 90కి 45 డిగ్రీలు, అంటే గాడి నుంచి 3.4 మిల్లీమీటర్ల పక్కకు. 105 ఖాళీ పైనా కిందా కావాలంటే 52.5 డిగ్రీలు, సరిగ్గా 4 మిల్లీమీటర్లు.

ఈక వెనక కొన నాక్ గాడి అడుగు నుంచి అంగుళంపావు ముందు ఉండాలి. మూడు ఈకలకు అంగుళం చాలు. నాలుగింటికి వేళ్ళకు రెండువైపులా ఈకలుంటాయి, బాణానికి పైనొక వేలు, కింద రెండు వేళ్ళు పెట్టి లాగేవాళ్ళకు తగులుతుంది.

జిగ్‌లో ఈకను పట్టి ఉంచే క్లాంప్ మెలిక పెట్టేదైతే, ఈక ఏ రెక్కదో చూసుకోండి. కుడి రెక్క ఈకకు కుడి మెలిక క్లాంప్, ఎడమకు ఎడమ. ఒకే బాణానికి రెండూ కలిపితే ఒకటి తిప్పేదాన్ని ఇంకొకటి ఆపుతుంది. నాలుగు 4 అంగుళాల ఈకలతో నేనైతే పెద్ద మెలిక పెట్టను. తిన్నటి క్లాంప్‌ను ఒకటి రెండు డిగ్రీలు వాల్చితే చాలు. సన్నటి షాఫ్ట్ మీద పెద్ద మెలిక పెడితే వెన్నులు ఒకదానిమీదొకటి ఎక్కుతాయి, క్లాంప్ పక్క ఈకను నలిపేస్తుంది.

గోల్కొండ_గురి:

జిగురు ముచ్చట నేను జెప్త. తెల్ల ఫెవికాల్ జోలికి అసల్కే పోవద్దన్నా. ఆరినంక గూడ నీళ్ళు తగిల్తే మెత్తబడ్తది, జులై, ఆగస్టుల ఈక కొసలు లేస్తయ్. ఫెవిక్విక్ పనిజేస్తది కని, పూత లేని కర్ర మీద పెడితే కర్ర తాగేస్తది, ఈకకు ఏం మిగలదు. పూత ఉన్న షాఫ్ట్ మీదనే పెట్టాలె, అదీ సన్నటి గీత. ఎక్కువైతే క్లాంప్‌కు పాకి ఈకను క్లాంప్‌తోనే అంటిస్తది. క్లాంప్ అంచుకు మైనం వత్తి రుద్దితే గా బాధ ఉండదు. ఇంకోటి, అది ఆరినంక పెళుసు. బాణం గడ్డిల దూసుకపోతే ముందు కొస టప్పున ఊడ్తది.

ఈకల కోసమే అమ్మే ట్యూబు జిగురు మంచిగుంటది, కని ఒక్కో ఈక పదిహేను నిమిషాలు క్లాంప్‌లనే ఉండాలె. డజను బాణాలకు 48 ఈకలు, ఒక్కటే క్లాంప్ ఉంటె పన్నెండు గంటలు. ఓపిక లేనోళ్ళు అంటించే టేపు వాడ్తరు. టేపుకు గరుకు లేని నున్నటి పూత కావాలె, దుమ్ము అస్సలు ఉండొద్దు.

పూత పూసినంక రెండు రోజులన్న ఆరనియ్యాలె, వానకాలంల ఇంకెక్కువ. అంటించే జాగల 320 నంబర్ గరుకు కాగితంతోని మెల్లగ ఒక్కసారి రుద్ది, స్పిరిట్ గుడ్డతోని ఊరికె అట్ల తుడువు, నానబెట్టకు. అసిటోన్ వద్దు, లాకర్ (lacquer) పూత అయితే కరిగిపోతది. ట్యూబు జిగురు గూడ కొన్ని పూతలను ఉబ్బిస్తది. అందుకే విరిగిన షాఫ్ట్ ముక్క మీద ఒక చుక్క ఏసి, తెల్లారి గోరుతోని గీకి సూడు. పూత మెత్తబడ్డదా, ఆ జోడీ పనికిరాదు.

ఏ జిగురైనా సరే, ఈక ముందు కొసకు ఒక చుక్క, ఎనక కొసకు ఒక చుక్క విడిగ పెట్టు. షెల్ఫ్ లేకుండ చేతి మీదికెల్లి బాణం ఇడిసేటోళ్ళు అయితే ముందు కొసను కత్తితోని ఏటవాలుగ చెక్కి, పాలిస్టర్ దారం ఆరు చుట్లు చుట్టి, జిగురు పుయ్యాల్సిందే. లేసిన వెన్ను చూపుడువేలి పక్కన దిగిందంటే డాక్టరే తియ్యాలె.

పసుపునాక్:

మూడో ప్రశ్న మిగిలింది. మూడు అయిదులు పదిహేను అంగుళాల ఈక, నాలుగు నాలుగులు పదహారు. బరువు తేడా ఒకటి రెండు గ్రెయిన్లను మించదు, స్పైన్ మార్చక్కర్లేదు. అయితే నాలుగు ఈకలతో ఒక ప్రమాదం: తప్పు స్పైన్‌ను కప్పిపెడతాయి. ఈకలు అంటించకముందే రెండు ఖాళీ షాఫ్ట్‌లు పదిహేను మీటర్లనుంచి వదిలి చూడండి. మీకు కుడిచేతి వాటం కాబట్టి, ఈకలున్న బాణాలకన్నా ఖాళీ షాఫ్ట్ ఎడమకు పడితే బిగువెక్కువ, కుడికి పడితే బిగువు తక్కువ.

ఈక ఎత్తు కూడా తగ్గించుకోవచ్చు. అంటించాక 12 మిల్లీమీటర్ల నుంచి 10కి కత్తిరించండి, చప్పుడు తగ్గుతుంది. ఇరవై, ముప్పై మీటర్ల వరకు నాలుగు ఈకలు హాయి. యాభై దాటితే గాలి ఎక్కువ పట్టి బాణం ముందే వాలిపోతుంది, అక్కడ మూడే మేలు.

ఎడమచేతి_విల్లు:

పోటీలకు వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. వరల్డ్ ఆర్చరీ నియమాల ప్రకారం ఒక ఎండ్‌లో (ఒక విడతలో) వాడే బాణాలన్నీ ఒకేలా ఉండాలి, ఈకల అమరిక, రంగులతో సహా. పాత మూడు ఈకలవీ కొత్తవీ కలపడం కుదరదు. లాంగ్‌బో విభాగంలో చెక్క బాణం, అసలైన పక్షి ఈకలే.

ఈకలంటే టర్కీ కోడి రెక్క ఈకలు. పాతబస్తీ ముర్గీ చౌక్ వైపు పక్షుల వ్యాపారుల్ని అడగొచ్చు, కానీ ఒక పక్షి ఈకల్లో కుడి రెక్కవి వేరు, ఎడమవి వేరు కట్టలు కట్టించుకోకపోతే ఇంటికొచ్చాక చిక్కు. కావ్యాల్లో కంకపత్రాలని (కంకపక్షి ఈకల బాణాలని) ఉంది కదా అని గద్ద, కొంగ, నెమలి ఈకల వేట మొదలుపెట్టకండి, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

అంబులపొది:

ఆరింటి ఈకలూ పీకేస్తాను. వెన్ను కింద జిగురు షాఫ్ట్‌కే ఉండిపోతుంది, దాన్నెలా తియ్యాలి? వానలో నలిగిన ఈకలు బాగవుతాయా?

గోల్కొండ_గురి:

మొండి కత్తిని షాఫ్ట్‌కు పడుకోబెట్టి ఈక కిందికెల్లి తొయ్యి. పదునుది తీసుకున్నవా, పోగులల్ల దిగి చెక్క లేస్తది. మిగిలిన జిగురు 320 కాగితంతోనే, పోగు వెంబడి. పూత పోయిన జాగల పలచగ మళ్ళ పూసి, ఆరినంకనే కొత్తయి అంటియ్యి.

నలిగిన ఈకను కెటిల్ ఆవిరి మీద పది సెకన్లు తిప్పితె లేస్తది. జిగురు దిక్కు ఆవిరి కొట్టకు. ఎత్తిపెట్టేటప్పుడు అంబులపొదిల కలరా ఉండలు రెండు ఎయ్యి, లేకుంటె పురుగులు ఈకలను తింటయ్.