గోజోలో సాయంత్రం జీప్ టూర్: నడుంనొప్పి ఉన్న అమ్మను తీసుకెళ్లొచ్చా?

నమస్కారం అండీ. అక్టోబరులో అమ్మానాన్న మాల్టాకి, నా దగ్గరికి వస్తున్నారు. పక్కనున్న గోజో దీవిలో గైడుతో వెళ్లే సాయంత్రం జీప్ టూర్ బుక్ చేద్దామనుకుంటున్నాను. మట్టిదారుల్లో పొలాల మధ్యగా తిప్పి, ష్వైనీ ఉప్పుమడులు చూపించి, సూర్యాస్తమయానికి ద్వేరా తీరంలో ఆపుతారట. అక్కడి రాతి తోరణం 2017లో కూలిపోయింది కానీ, ఆ తీరం ఇప్పటికీ చాలా బాగుంటుంది.

అమ్మ పెరిగింది శ్రీకాకుళం జిల్లా నౌపడాలో, ఉప్పుమడుల పక్కనే. ఇక్కడ మడుల్ని రాతిలోనే తొలిచారని చెప్పినప్పటి నుంచి ఎప్పుడు చూపిస్తావని అడుగుతోంది. ఆమెకు 63 ఏళ్లు, నడుంనొప్పి. అదే నా టెన్షన్.

వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, కుదుపులు ఎంత ఉంటాయి? అడిగితే ముందు సీటు ఇస్తారా? రాత్రి ఫెర్రీలో తిరిగి రావడం మంచిదా, గోజోలోనే ఉండిపోవాలా?