బొమ్మలు వేసే పిల్లల కోసం పెదనాన్న ఆస్తి రాస్తానంటున్నారు, ఎలా రాయిస్తే నిలబడుతుంది?

కొత్తపేట వాసి, గుంటూరు:
మా పెదనాన్నకి పిల్లల్లేరు, పెద్దమ్మ పోయి ఆరేళ్లయింది. మిర్చి యార్డులో నలభై ఏళ్లు కమీషన్ వ్యాపారం చేశారు, వచ్చిన దాంట్లో ఖర్చు పెట్టిందంటే బొమ్మల మీదే, అదీ పేరున్నవాళ్లవి కాదు, అప్పుడప్పుడే మొదలుపెట్టిన కుర్రాళ్లవి. ఇప్పుడు ఇల్లు, డిపాజిట్లు, ఆ బొమ్మలు అన్నీ చిత్రకళ నేర్చుకునే పిల్లలకి రాసేస్తానంటున్నారు.

ఆయనకి ఈ ఆలోచన వచ్చింది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాంకరు యోహాన్ ఫ్రీడ్రిష్ ష్టేడెల్ గురించి చదివాక. 1728లో పుట్టాడు, వాళ్లది మసాలా దినుసుల వ్యాపారం, తర్వాత బ్యాంకరయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. సుమారు 500 పెయింటింగులు పోగుచేసి, 1815లో రాసిన వీలునామాలో వాటినీ తన మొత్తం ఆస్తినీ, అంటే 13 లక్షల గిల్డర్లు, ఒక కళాసంస్థకి ఇచ్చేశాడు. ఊళ్లోని పేదింటి పిల్లలకి, ఆడా మగా తేడా లేకుండా, మతం చూడకుండా చిత్రకళ, భవన నిర్మాణ పనులు నేర్పించాలని అందులో రాయించాడట. "వాడూ మనలాగా దినుసులమ్మినవాడేరా" అని పెదనాన్న రోజుకోసారైనా అంటారు. నా ప్రశ్న ఏంటంటే, ఇంటిని మ్యూజియంలా పెట్టాలా, డబ్బుని స్కాలర్‌షిప్పులకి వాడాలా? చుట్టాల్లో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి, నాకు అదొక టెన్షన్.

బ్రాడీపేట రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
చుట్టాల సంగతి ముందు చూసుకోండి బాబూ, మీరు చెప్పిన ష్టేడెల్ విషయంలో జరిగింది అదే. ఆయన 1816 డిసెంబరులో పోయారు. దూరపు బంధువులు కోర్టుకెక్కారు. వాళ్ల వాదన ఏమిటంటే, ఆయన పోయేనాటికి ఆ సంస్థ ఇంకా పుట్టనేలేదు, లేని సంస్థ వారసురాలు ఎలా అవుతుంది అని. ఆ దావా పదేళ్లు దాటి నడిచి, చివరికి రాజీతో తెగింది. జర్మనీ న్యాయశాస్త్రంలో పేరుపడ్డ కేసు అది. దాత పోయాక ప్రభుత్వ ఆమోదం వచ్చినా సరే, అతనిచ్చిన ఆస్తి విషయంలో సంస్థ ముందే ఉన్నట్టు లెక్క అని తర్వాత వాళ్ల సివిల్ కోడ్‌లో రాసుకున్నారు.

అందుకని మీ పెదనాన్నగారు ఆరోగ్యంగా ఉండగానే ట్రస్టు డీడ్ రాయించి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించండి. మిగిలిన వాటికి వీలునామా, ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించడమే మంచిది. ఇల్లు స్వార్జితమా, తాతలనాటిదా అన్నది లాయరు మొదట అడుగుతాడు, కాగితాలు తీసి పెట్టుకోండి.

బెజవాడ పెయింటర్:
మ్యూజియం వద్దండీ. నేను గవర్నరుపేటలో బోర్డులు రాస్తూ నేర్చుకున్నవాణ్ణి, ఫ్లెక్సీలు వచ్చాక ఆ పనీ పోయింది. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ రెండూ పాసయ్యాను, విశాఖలో ఫైన్ ఆర్ట్స్ చదవాలని ఎంత ఉన్నా హాస్టలు డబ్బు కట్టలేక ఆగిపోయాను. అప్పట్లో నాకు ఎవరైనా రెండేళ్లు గది అద్దె, రంగులు, కాన్వాసు చూసుకుని ఉంటే చాలు, పెద్ద మొత్తం కూడా కాదు. ఒక్కసారి పిలిచి శాలువా కప్పి పంపేస్తే ఆ కుర్రాడు మర్నాడు మళ్లీ పనికే పోవాలి కదా. ఆ ఇంట్లో నాలుగు గదులుంటే రెండు గదులు బొమ్మలు వేసుకోవడానికి ఇవ్వండి, వెలుతురు బాగా వచ్చేవి. పల్లెటూళ్ల నుంచి వచ్చే పిల్లలకి బొమ్మ వేసుకునే చోటే దొరకదు.

ఇంకో మాట, పెద్దాయన బొమ్మలు కొన్న కుర్రాళ్లు ఇప్పుడేం చేస్తున్నారో కనుక్కోండి, నేర్పేవాళ్లు వాళ్లలోనే దొరుకుతారు.

లక్ష్మీపురం టీచర్:
పైన చెప్పింది అక్షరాలా నిజం. మన దగ్గరే చూడండి, రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే, దామెర్ల రామారావు చేతిలో ఉన్న విద్యని గుర్తుపట్టి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకి పంపకపోతే ఆ బొమ్మలు మనకి ఉండేవా? రామారావు 1925లో మశూచితో చాలా చిన్నవయసులో పోయారు, ఆ కొద్ది కాలంలోనే అంత పని చేయగలిగారంటే వేళకి చెయ్యి అందడం వల్లే. అడివి బాపిరాజు గారు కూడా కూల్డ్రే శిష్యులే.

ష్టేడెల్ వీలునామాలో నాకు బాగా నచ్చింది వేరే ఉంది. తన బొమ్మల్లో నాసిరకంవి ఉంటే అమ్మేసి మంచివి కొనుక్కోమన్నాడు. ప్రాణంగా పోగుచేసుకున్నవాడు ఆ మాట అనడం మామూలు విషయం కాదు. పెదనాన్నగారి చేత కూడా అలా ఒక వాక్యం రాయించండి, లేకపోతే రేపు ట్రస్టీలు బొమ్మలకి చెదలు పట్టకుండా చూడటంలోనే డబ్బంతా పెడతారు. ఆయన వీలునామాతో పుట్టిన చిత్రకళ స్కూలు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇప్పటికీ నడుస్తోంది, 1925 నుంచి నాజీలు 1933లో తీసేసేదాకా పేరున్న జర్మన్ చిత్రకారుడు మాక్స్ బెక్‌మన్ అక్కడే పాఠాలు చెప్పాడు.

కొత్తపేట వాసి, గుంటూరు:
అందరికీ థ్యాంక్సండీ. ఇవన్నీ పెదనాన్నకి చదివి వినిపించాను. కోర్టు సంగతి విని కాసేపు మాట్లాడలేదు, తర్వాత బీరువా తెరిచి ఇంటి కాగితాలు బయటపెట్టారు, ఇల్లు ఆయన కష్టార్జితమే, 1984లో కొన్నది. అమ్ముకోవచ్చన్న మాట రాయడానికి మాత్రం ఇంకా మనసు ఒప్పడం లేదు. బెజవాడ అన్నా, మేడ మీద ఉత్తరం వైపు గది ఒకటుంది, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెలుతురు ఉంటుంది. ఒక ఆదివారం వచ్చి చూసి చెప్తారా?